పోయిన షుగరు తిరిగి వచ్చినందుకు స్తోత్రం

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులారా, రెండేళ్ళ క్రితం ఒక వేసవి అంతా నేను ఎవరికీ కనపడకుండా ఉప్పు తిన్నాను. వంటింట్లో నా భార్య సుగుణ లేని సమయం చూసి డబ్బాలో చెయ్యి పెట్టి రాళ్ళ ఉప్పు తీసి నోట్లో వేసుకునేవాణ్ణి, నిమ్మకాయ ఊరగాయ జాడీలో తేరిన ఉప్పు నీళ్ళు గరిటెతో తాగేవాణ్ణి, ఎందుకు తింటున్నానో నాకే తెలియదు, నాలుక దాన్నే అడిగేది. పొద్దున మంచం దిగి నిలబడాలంటే గోడ పట్టుకోవాలి, పట్టుకోకపోతే కళ్ళు చీకట్లు కమ్మి కూలబడేవాణ్ణి. అన్నం రెండు ముద్దలు దిగితే మూడో ముద్దకు కడుపులో తిప్పేది. ఏడాది తిరిగేలోపల సగం మనిషినయ్యాను, చొక్కా భుజాల మీద నిలిచేది కాదు. అయితే ఆ వేసవిలోనే నేను మీ అందరిలో స్వస్థత పొందినవాడినని పేరు పొందాను. అంతకు రెండు నెలల ముందు ఇదే పత్రికలో నా సాక్ష్యం వచ్చింది, దేవుడు నా షుగరు వ్యాధి తీసేశాడని. మీలో చాలామంది చదివారు, కొందరు ఆ కాగితం కత్తిరించి దాచుకున్నారని కూడా విన్నాను. ఆ రోజు నేను కావాలని అబద్ధం చెప్పలేదు, కానీ తర్వాత జరిగినది దాచాను. దాచినదంతా ఇప్పుడు వ్రాస్తున్నాను, ఓపికతో చదవమని మనవి.

నా పేరు ప్రకాశం, మాది ఉదయగిరి. ఇరవై ఆరేళ్ళుగా కొండ కింద ఒక షెడ్డులో చెక్కతో గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేసే పని నాది. ఉలితో రూపం తీసి, ఆకురాయితో నునుపు చేసి పక్కకు పెడితే, ఎదురుగా కూర్చునే షమీమ్ గరుకు కాగితంతో రుద్ది మెరుగు పెడుతుంది. ఆమెది తరాలుగా ఈ పని చేస్తున్న ముస్లిం కుటుంబం, నాకు పని నేర్పినవాడు ఆమె తండ్రే. ఆదివారాలు నేను సంఘంలో పెద్దగా ఉండి పాటలు నడిపించేవాణ్ణి, ప్రార్థన కోసం వచ్చినవారితో కూర్చునేవాణ్ణి. నాకు నలభై ఎనిమిదో ఏట షుగరు ఉన్నట్టు తెలిసింది, పూటకు రెండు మాత్రలతో ఆరేళ్ళు గడిచాయి, పెద్ద ఇబ్బంది లేదు. ఆరో ఏట మాత్ర వేసుకున్నాక చెమటలు పట్టి చేతులు వణకడం మొదలైంది, చెక్కుతున్న ఉలి జారి వేలు తెగింది కూడా. ఊళ్ళో మందులిచ్చే ఆయన మాత్రలు సగానికి తగ్గించాడు, అయినా వణుకు తగ్గలేదు.

ఆ రోజుల్లోనే మా సంఘంలో మూడు రోజుల ఉపవాస కూటాలు జరిగాయి, మూడో రోజు మా పాస్టరు అయ్యగారు నా తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. అప్పుడు నేను చేసిన ప్రార్థన నాకు మాట మాటా గుర్తుంది. "తండ్రీ, ఈ మాత్రలు లేకుండా ఒక్క ఏడాది నన్ను నడిపించు, నీ నామాన్ని ప్రతి పల్లెలో చెప్తాను" అన్నాను. ఇంటికి వచ్చి మాత్రల డబ్బా అటక మీద పడేశాను. పది రోజులకు రక్తం పరీక్ష చేయిస్తే షుగరు మామూలు మనిషికి ఉన్నంతే ఉంది. నెల తర్వాత చేయించినా అంతే. పరీక్ష చేసిన అమ్మాయి రెండోసారి కూడా చూసి, మీకు షుగరు లేదండీ అన్నది. సహోదరులారా, ఆ కాగితం పట్టుకుని నేను అయ్యగారి ఇంటికి పరుగెత్తాను, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, ఆ ఆదివారం సంఘమంతా లేచి నిలబడి స్తోత్రాలు చెల్లించింది. ఆ కాగితంలో ఉన్నది నిజం. దాన్ని నేను అర్థం చేసుకున్న తీరు తప్పు.

అక్కడి నుంచి పిలుపులు మొదలయ్యాయి. మర్రిపాడులో ఒక కూటం, దుత్తలూరు వైపు పల్లెల్లో నాలుగు కూటాలు, ఎక్కడికి వెళ్ళినా అయ్యగారు నన్ను ముందు నిలబెట్టి, ఈ సహోదరుని సాక్ష్యం వినండి అనేవారు. నేను లేచి డబ్బా అటక మీద పడేసిన సంగతి చెప్పేవాణ్ణి. మర్రిపాడు కూటంలో నా వంతు రాకముందే కడుపులో తిప్పితే షామియానా వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాను, నోరు కడుక్కుని, మెడ మీద చెమట తుడుచుకుని, వచ్చి మైకు పట్టుకుని నాకు ఏ రోగమూ లేదని చెప్పాను. ఆ మాట అనేటప్పుడు అది నిజం కాదని నాకు తెలుసు. ఇంటికి వస్తూ బస్సులో, "ప్రభువా, ఈ ఒక్క కూటం దాటించావు, చాలు, నీరసం కూడా తీసెయ్యి" అని అడిగాను. తీసెయ్యలేదు. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్ళాను. పదిమంది మెచ్చుకుంటుంటే వద్దని చెప్పడం నాకు చేతకాలేదు.

నా ఒళ్ళు నల్లబడడం కూడా అప్పుడే మొదలైంది. నేను మొదటి నుంచీ చామనచాయవాణ్ణే, కానీ ఇది వేరు, వేళ్ళ కణుపులు, అరచేతి గీతలు, మోచేతులు బొగ్గు పూసినట్టు అయ్యాయి, పెదవుల మీద మచ్చలు వచ్చాయి. అడిగినవారికి చెక్క రసం అంటుకుందని, ఎండ అని చెప్పేవాణ్ణి. కొందరు కామెర్లన్నారు, ఆకుపసరు తెచ్చిచ్చారు, అదీ తాగాను. సుగుణ మాత్రం నమ్మలేదు. ఒక సాయంత్రం కంచం ముందు పెట్టి ఎదురుగా కూర్చుని, "షుగరు పోయినాక మనిషి తేరుకోవాల గదా, నువ్వేంది ఇట్ట ఎండిపోతుండావు? ఉప్పు డబ్బా వారానికొకటి అయిపోతుండాది, నాకు తెలవదనుకుంటుండావా?" అన్నది. నేను ఆమె మీద కోప్పడ్డాను. విశ్వాసం లేని మాటలు మాట్లాడవద్దన్నాను. ఆమె కంచం తీసుకుని లేచి వెళ్ళింది, ఆ తర్వాత ఆ విషయం అడగలేదు, ఉప్పు డబ్బా ఖాళీ అయితే మౌనంగా నింపి పెట్టేది.

ఇంతలో మార్తమ్మ సంగతి తెలిసింది. ఆమె దుత్తలూరు వైపు పల్లెలో ఉంటుంది, భర్త చనిపోయాడు, కూలి పనికి పోయి బతుకుతుంది, ఎనిమిదేళ్ళుగా షుగరు ఉంది. వాళ్ళ పల్లె కూటంలో నా సాక్ష్యం విన్నది, ఆ రోజే మాత్రలు మానేసింది. మూడు నెలలకు కాలి వేలికి ముల్లు గుచ్చుకున్న పుండు మానక, నెల్లూరు తీసుకుపోతే కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు. ఈ సంగతి నాకు ఎవరూ నేరుగా చెప్పలేదు, ప్రార్థన మనవుల చీటీలో వచ్చింది. చీటీ చదివింది నేనే. చదివి, ఆమె కోసం ప్రార్థన చేయించి, ఆ వారం పనికి వెళ్ళలేకపోయాను.

ఆమెను చూడడానికి వెళ్ళాను. గుడిసె బయట మంచం మీద కూర్చుని ఉంది, కాలికి కట్టు ఉంది. నన్ను తిడుతుందనుకునే వెళ్ళాను, తిట్టి ఉంటే నాకు సులువయ్యేది. ఆమె నాకు కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, చాలాసేపు ఏవో పంటల సంగతులు మాట్లాడి, చివరికి, "అన్నా, నువ్వు పెద్దోడివి, నువ్వు చెప్పు. నేను గూడా నీ మాదిరే ప్రార్థన చేసినా. నీకు తగ్గింది, నాకు తగ్గల్యా. నా విశ్వాసం యాడ తక్కువైంది?" అని అడిగింది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను, ఏ మాటలు అన్నానో గుర్తు లేదు.

మరుసటి వారం షెడ్డులో నేను ఆకురాయి పట్టుకుని కూర్చున్నవాణ్ణి అలాగే వెనక్కి ఒరిగిపోయాను. షెడ్డులో ఉన్నవారంతా నీళ్ళు చల్లి లేపారు. వాళ్ళు మళ్ళీ పనిలో పడ్డాక షమీమ్ నా చెయ్యి తిప్పి చూసి, తన చెయ్యి పక్కన పెట్టింది. పాతికేళ్ళుగా ఆమెదీ అదే చెక్క, అదే రసం. "ప్రకాశమన్నా, ఇది చెక్క నలుపు కాదు. చెక్క నలుపైతే నాకూ ఉండాల. నీకు ఏదో లోపల ఉండాది" అన్నది. తనకు గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి పని చెయ్యక ఒళ్ళు ఉబ్బి, మాట బొంగురుపోయి, మూడేళ్ళు నలుగురు డాక్టర్ల దగ్గర తిరిగిన సంగతి అప్పుడు చెప్పింది. నెలకొకసారి, మొదటి ఆదివారం పొద్దున, నెల్లూరు నుంచి ఒక డాక్టరమ్మ ఆత్మకూరు వచ్చి చూస్తుందట. షుగరు, థైరాయిడు, గ్రంథుల జబ్బులన్నీ ఆమే చూస్తుందట. ఆ డాక్టరును ఏమంటారని అడిగితే, "బోర్డు మీద పెద్ద పేరు రాసుంటాది, నాకు పలకడం రాదు. హార్మోన్ల డాక్టరంటే ఎవరైనా చూపిస్తారు" అన్నది. ఇప్పుడు నాకు ఆ పేరు పలకడం వచ్చు, ఎండోక్రైనాలజిస్టు అంటారు. ఆ రోజు వరకు అలాంటి డాక్టరు ఒకరు ఉంటారని కూడా నాకు తెలియదు, షుగరంటే మందుల షాపు, మాత్రలు, అంతే తెలుసు.

సహోదరులారా, అక్కడ కూడా నేను నిజం ఒప్పుకోలేదు. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళానని తెలిస్తే నా సాక్ష్యం ఏమవుతుందన్నదే నా భయం. పైగా మొదటి ఆదివారం మాకు ప్రభు భోజన సంస్కారం, పెద్దలు రొట్టె పట్టుకుని నిలబడాలి. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. మార్తమ్మను ఆ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తానని, ఆమెకు తోడు ఎవరూ లేరని అయ్యగారితో చెప్పాను. తీసుకువెళ్ళిన చోట, వీలైతే, పక్కకు పిలిచి నా సంగతి అడగవచ్చని నా లెక్క. అయ్యగారు, సంస్కారం ఆదివారం గదా అని సంకోచించి, మార్తమ్మ వేళ్ళ సంగతి గుర్తొచ్చిందేమో, తల దించుకుని, "ఆమె కోసమైతే పోయిరా" అన్నారు. నా కోసమని మాత్రం నా నోట రాలేదు.

మొదటి బస్సుకు మార్తమ్మ, నేను ఆత్మకూరు చేరాము. ఆమె కర్ర పట్టుకుని నడుస్తోంది, నేను ఆమెను పట్టుకున్నట్టు కనిపించింది గానీ నిజానికి ఆమె మోచేతి మీద నా బరువు కూడా ఉంది. చిన్న హాలు, కుర్చీలు నిండిపోయి జనం మెట్ల మీద కూర్చున్నారు. దాదాపు మూడు గంటలు కాచుకున్నాక లోపలికి పిలిచారు. డాక్టరమ్మ నడివయసు మనిషి, తక్కువ మాట్లాడేది. మార్తమ్మ రెండు పాదాల కింద ఏదో సన్నటి తీగతో తాకి, తగులుతుందా అని అడిగింది, కట్టు విప్పించి చూసింది, ఇన్సులిన్ వ్రాసి, ఎలా వేసుకోవాలో నర్సుతో రెండుసార్లు చూపించింది. మందులు ఎందుకు మానేశావని అడిగితే మార్తమ్మ నా వైపు చూడలేదు, మరిచిపోయినానని చెప్పింది. నన్ను కాపాడడానికి ఆమె ఆ అబద్ధం ఆడింది. నేను స్టూలు మీద కూర్చుని విన్నాను.

వ్రాసిన చీటీ అందుకోవడానికి నేను చెయ్యి చాపాను. ఆమె చీటీ వదలకుండా నా చేతినే చూస్తూ ఉండిపోయింది.

"మీ చేతులు ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయి?"

చెక్కపని అండీ, రసం అంటుకుందని చెప్పాను.

"నోరు తెరవండి" అన్నది. లైటు వేసి నాలుక, చిగుళ్ళు, బుగ్గల లోపల చూసి, "చెక్క రసం నోట్లోకి రాదు కదా" అన్నది.

పడుకోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి మళ్ళీ చూసింది. రెండోసారి చూస్తుండగానే నా కాళ్ళు తేలిపోయాయి, నర్సు పట్టుకుంది. కూర్చోబెట్టి, ఉప్పు తినాలనిపిస్తుందా అని అడిగింది. సుగుణకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియని ఆ మాట ఆమె ఎలా అడిగిందో నాకు అర్థం కాలేదు, అవునన్నాను. ఎప్పుడైనా షుగరు ఉండేదా అని అడిగింది. అప్పుడు మార్తమ్మ తల ఎత్తి నా వైపు చూసింది. ఉండేదని, ప్రార్థనతో పోయిందని, ఏడాదిన్నరగా ఏ మాత్రా లేదని చెప్పాను.

డాక్టరమ్మ నవ్వలేదు, ఎగతాళి చెయ్యలేదు. ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. కిడ్నీల మీద టోపీల మాదిరి రెండు చిన్న గ్రంథులు ఉంటాయని, మనిషి లేచి నిలబడాలన్నా, ఒంట్లో ఉప్పు నిలవాలన్నా, రక్తంలో చక్కెర నిలవాలన్నా వాటిలో ఊరే హార్మోను కావాలని, నా ఒంట్లో అవి పాడైపోయి ఉంటాయని అనుమానంగా ఉందని చెప్పింది. తర్వాత నిదానంగా, "మీ షుగరు నయమై పోలేదండీ. చక్కెరను నిలబెట్టే శక్తి కూడా మీ ఒంట్లో లేకుండా పోయింది, అందుకే పరీక్షలో తగ్గినట్టు కనపడింది. ఒక్క జ్వరం వచ్చి ఉంటే మీరు బతికేవారు కాదు. ఈ రోజే నెల్లూరు వెళ్ళి చేరాలి" అన్నది.

మార్తమ్మ ఆ మాటలన్నీ నా పక్కన కూర్చుని విన్నది. అక్కడే ఒక ఇంజెక్షను చేసి, సెలైను పెట్టి, అంబులెన్సు పిలిపించారు. సుగుణకు ఫోను చేశారు. అంబులెన్సు వచ్చేలోగా వరండాలో బల్ల మీద పడుకుని ఉన్నప్పుడు నేను మార్తమ్మకు చెప్పవలసిన జవాబు చెప్పాను. "అమ్మా, నీ విశ్వాసం యాడా తక్కువ కాల్యా. నాకే నయం కాల్యా. వాంతులు చేసుకుంటా గూడా నయమైందని చెప్పినా" అన్నాను. సెలైను సీసా గాలికి ఊగుతుంటే ఆమె కొక్కెం పట్టుకుని నిలబడింది, అంబులెన్సు వచ్చేదాకా అలాగే నిలబడింది, రెండు వేళ్ళు లేని కాలి మీద.

నెల్లూరులో రక్త పరీక్షలు, స్కానింగు చేశారు. ఎప్పుడో నా ఒంట్లో చేరిన క్షయ ఆ రెండు గ్రంథులను తినేసిందని తేలింది. మా నాయన దగ్గి దగ్గి చనిపోయాడు, నేనప్పుడు చిన్నవాణ్ణి, ఆయన పక్కనే పడుకునేవాణ్ణి. క్షయకు మందులు మొదలుపెట్టారు. గ్రంథులు ఇవ్వవలసిన హార్మోనును మాత్రల రూపంలో ఇచ్చారు. సహోదరులారా, ఆ మందు పడిన మర్నాడు నేను లేచి కూర్చుని ఇడ్లీలు నాలుగు తిన్నాను. సుగుణ నా ఎదురుగా కూర్చుని చూస్తూ, ఇంకో రెండు తెమ్మంటావా అని మాత్రం అడిగింది. నేను ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె, ముందు తినమన్నది.

మూడో రోజు మార్తమ్మ వచ్చింది, రెండు బస్సులు మారి, కర్ర పట్టుకుని. నేను ఆమెను కూడా క్షమాపణ అడిగాను. అప్పుడామె, "నాకు నీ మీద కోపం ల్యాదని చెప్పనన్నా, ఉండాది. పొద్దున కాలు కింద పెట్టినప్పుడంతా వస్తాది. కానీ మాత్రలు మానింది నేనొక్కదాన్నే కాదు, మా పల్లెలోనే ఇంకా ఇద్దరుండారు. నాకు చెప్పిన మాట వాళ్ళకి గూడా చెప్పు. కూటంలో చెప్పినావు గదా, కూటంలోనే చెప్పు" అన్నది. అలాగేనన్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన ఐదో వారం పరీక్ష చేయిస్తే షుగరు తిరిగి వచ్చింది. బాగా ఎక్కువే ఉంది. ఆ కాగితం చూసి నాకు ఏడుపు వచ్చింది, ఎందుకు వచ్చిందో చెప్పలేను, ఉన్న ఆ ఒక్క సాక్ష్యం కూడా పోయిందనేమో. మొదటి ఆదివారం ఆత్మకూరు వెళ్ళి డాక్టరమ్మకు చూపిస్తే, ఆమె కాగితం చూసి, మొదటిసారి నవ్వింది. "ఇది నేను ఎదురుచూస్తున్నదే. మీ ఒళ్ళు తిరిగి పని చేస్తోంది. షుగరును మనం మందుతో చూసుకోవచ్చు" అన్నది. షుగరు మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. హార్మోను మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదని, జ్వరం వస్తే మోతాదు పెంచాలని, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని ఒక కార్డు వ్రాసిచ్చింది. అది నా జేబులోనే ఉంటుంది. ఆ రోజు బస్సులో నేను చేసిన ప్రార్థన చిన్నది. "ప్రభువా, నేను అడిగింది నువ్వు ఇవ్వలేదు, నేను చచ్చిపోకుండా చూశావు, స్తోత్రం" అన్నాను.

తర్వాత అయ్యగారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను, మర్రిపాడులో షామియానా వెనక వాంతి చేసుకున్న సంగతితో సహా. అమ్మగారు టీ తెచ్చి పెట్టి లోపలికి వెళ్ళారు, టీ చల్లారింది. ఆయనకు కోపం వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది, నా మీదో, తన మీదో తెలియలేదు. నెమ్మదిగా ఊరుకుంటే సరిపోదా, జనం విశ్వాసం చెదిరిపోతుందేమో అన్నారు. మార్తమ్మ అడిగిన ప్రశ్న నేను ఆయనకు చెప్పాను. ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడి, చివరికి, "ఆ సాక్ష్యం నువ్వు ఆరు చోట్ల చెప్పినావు, నేను అరవై చోట్ల చెప్పినా. ముందు నేను లేస్తా. తర్వాత నువ్వు లెయ్యి" అన్నారు.

ఆ ఆదివారం అలాగే చేశాము. ఆయన లేచి, విచారించకుండా తాను తొందరపడ్డానని సంఘం ముందు ఒప్పుకున్నారు. నేను లేచి ఉప్పు దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పాను. ఒక పెద్దాయన మధ్యలో లేచి, దేవుని కార్యాన్ని తక్కువ చేస్తున్నావంటూ బయటికి వెళ్ళిపోయారు, ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడరు, ఆయన కోసం ప్రార్థిస్తున్నాను. పాట పాడలేదు, చప్పట్లు లేవు. కూటం అయ్యాక నేను చాపలు మడుస్తుంటే ఒక అవ్వ వచ్చి పక్కన నిలబడి, తానూ మాత్రలు మానేసినానని మెల్లగా చెప్పింది. ఆమె వెనక ఇంకొకరు. మొత్తం ఐదుగురు. మార్తమ్మ పల్లెలో ఆ ఇద్దరి దగ్గరికి నేనే వెళ్ళాను, మర్రిపాడుకు కూడా వెళ్ళి అదే మైకు అడిగి పట్టుకున్నాను. ఒక ఇంట్లో ఆలస్యమైపోయింది, ఆ తల్లికి కంటిచూపు చాలావరకు పోయింది. ఆ సంగతి కూడా వ్రాయకపోతే ఈ సాక్ష్యం కూడా సగమే అవుతుంది.

ఇప్పుడు నేను షెడ్డులో మళ్ళీ ఉలి పట్టుకుంటున్నాను, చేతుల నలుపు చాలావరకు విడిచింది, ఉప్పు అందరిలాగే తింటున్నాను. పోయిన ఏడాది నుంచి అయ్యగారు మొదటి ఆదివారం సంస్కారాన్ని సాయంత్రానికి మార్చారు, పొద్దున ఆత్మకూరు వెళ్ళవలసినవారు వెళ్ళి వచ్చాక అందరం కలిసి తీసుకుంటున్నాము. ఆ బస్సులో మా సంఘంవారు, షమీమ్, ఆమె చెల్లెలు, మార్తమ్మ అందరం కలిసే వెళ్తాము. ఆ డాక్టరమ్మ చదివిన చదువు కూడా దేవుడిచ్చిందేనని, నా నల్లని చెయ్యి పట్టుకుని చూసిన ఆ ముస్లిం సహోదరి కళ్ళు కూడా ఆయన పెట్టినవేనని నేను ఇప్పుడు నమ్ముతున్నాను. నన్ను బతికించిన దేవునికే మహిమ, నా అబద్ధాన్ని బయటికి తీసిన దేవునికే మహిమ.

ప్రియులారా, నా పాత సాక్ష్యం దాచుకున్నవారు దాని పక్కనే దీన్ని కూడా ఉంచండి. మీలో ఎవరైనా దాన్ని విని మందులు మానేసి ఉంటే, నన్ను క్షమించి, ఇక ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రార్థన మానవద్దు, పరీక్ష మానవద్దు, ఒంట్లో ఏది బాగాలేకపోయినా దేవుని దగ్గరా డాక్టరు దగ్గరా ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆయన నిజాన్ని తట్టుకోలేని దేవుడు కాదు. ఆయనను నమ్మండి, నేను నమ్మి బతికాను. ఒంటరిగా వెళ్ళడానికి భయమైతే మొదటి ఆదివారం మొదటి బస్సుకు ఉదయగిరి బస్టాండుకు రండి. మార్తమ్మ కిటికీ పక్కన కూర్చుంటుంది, ఆమె పక్కన మీకు చోటు పట్టి ఉంచుతాను.